పెట్టెడు పనిముట్ల చరిత్ర

పోయిన నెలలో ఓ గురువారం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ జుమ్మేరాత్ బజారుకి వెళ్ళాను. తెలియనివాళ్ళకి చెబుతున్నా, జుమ్మేరాత్ అంటే గురువారం. పురానాపుల్ దగ్గర వారానికోసారి జరిగే సంత ఇది. పాత ఇనుము, పాత బట్టలు, తిరగని ఫ్యాన్లు, తిరుగుతాయో లేదో ఆ దేవుడికే తెలియాల్సిన డ్రిల్లు మిషన్లు, అన్నీ నేల మీద గోనెసంచులు పరిచి అమ్ముతారు. నేను వెతుకుతున్నది ఒక రందా. అంటే చెక్కని చిత్రిక పట్టేది. ఇనుప రందా కాదు, కట్టెతో చేసిన పాతకాలపుది.

గంట తిరిగాక ఒక ముసలాయన దగ్గర దొరికింది. తుప్పు పట్టిన పళ్ళేలూ తాళాలూ ఉన్న కుప్పలో సగం కనిపిస్తోంది. చేతిలోకి తీసుకుని చూస్తుంటే ఆయన నా బ్యాగూ, బూట్లూ చూసి "ఘర్ మే సజానే కూ హోనా క్యా?" అనడిగాడు. ఇంట్లో అలంకారానికా అని. "నక్కో చాచా, కామ్ కూ హోనా" అన్నాను. ఆయన నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. మూడొందలు చెప్పి రెండొందల యాభైకి ఇచ్చాడు. నేను నిజంగా పనికే కొంటున్నానని నమ్మి యాభై తగ్గించాడో, జాలిపడి తగ్గించాడో తెలీదు.

అసలు ఈ పిచ్చి ఎలా మొదలైందో చెప్పాలి. రోజంతా స్క్రీన్ ముందు కూర్చుని, చేత్తో పట్టుకోడానికి వీల్లేని వస్తువులు తయారుచేసే ఉద్యోగం నాది. ఒక స్టూలైనా సొంతంగా చేసుకుందామనిపించి ఇంటర్నెట్లో వీడియోలు చూశాను. అందులో మొదటి మాటే, "ముందు మీకొక మంచి వర్క్‌బెంచి కావాలి". తర్వాత దానికొక వైసు. తర్వాత టేబుల్ సా, ప్లేనరు, క్లాంపులు ఓ రెండు డజన్లు, పొట్టు పీల్చడానికి ఇంకో మిషను. లెక్కేస్తే లక్షన్నర దాటింది. ఒక్క స్టూలుకి! పైగా ఉప్పుగూడలో మా ఇంట్లో ఆ బెంచి పెట్టాలంటే మేం నలుగురం బయట పడుకోవాలి.

అప్పుడు గుర్తొచ్చింది, మా తాత దగ్గర ఇవేవీ లేవని.

మా తాత వడ్రంగి. మా వైపు మాటల్లో చెప్పాలంటే వడ్లాయన. భువనగిరి పక్కన పల్లె నుంచి పనికోసం పట్నం వచ్చి, గౌలిపురాలో అద్దెకి దిగి, లాల్ దర్వాజా నుంచి శాలిబండ దాకా నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ మంచాలూ చేశాడు. ఆయన వర్క్‌షాపు మొత్తం ఒక చెక్కపెట్టెలో పట్టేది. ఆ పెట్టెని సైకిలు వెనక క్యారియర్ మీద కట్టుకుని వెళ్ళేవాడు. చిన్నప్పుడు నేను ఆ పెట్టె మీద కూర్చుని అన్నం తిన్నాను కాబట్టి లోపల ఏమేం ఉండేవో బాగానే గుర్తుంది. ఒక బాడిశ. పెద్ద రంపం ఒకటి, చిన్న రంపం ఒకటి. రందాలు రెండు. ఉలులు నాలుగో ఐదో, వాటిలో ఒకటి అరిగిపోయిన ఆకురాయిని కమ్మరి దగ్గర సాగగొట్టించి చేయించుకున్నది. బెజ్జాలు వేయడానికి బర్మా, దాన్ని తిప్పే కమాను. మూలమట్టం. గీతలు గీసే ఖత్‌కష్. సానరాయి. ఒక దారపు ఉండ. అంతే. సుత్తి ఉండేది గానీ ఎక్కువసార్లు బాడిశ వెనకభాగంతోనే ఉలిని కొట్టేవాడు. ఒకే పనిముట్టు చెక్కుతుంది, కొడుతుంది, అవసరమైతే మేకు పీకుతుంది. మేం దీన్నే ఆఫీసులో కోడ్ రీయూజ్ అని చెప్పి మూడు మీటింగులు పెట్టుకుంటాం.

ఈ చిట్టాని ఒకసారి మళ్ళీ చదవండి. బాడిశ, ఉలి, రంపం, సానరాయి, మూలమట్టం. రందా, బర్మా, కమాను, ఖత్‌కష్. మొదటివి తెలుగువాళ్ళ నోట నలిగిన మాటలు. రెండోవి పారసీ, ఉర్దూల నుంచి వచ్చినవి. మా తాతకి ఉర్దూ చదవడం రాదు. కానీ ఆయన పెట్టెలో రెండు భాషలూ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి. మూలమట్టాన్ని కూడా తోటి పనివాళ్ళతో ఉన్నప్పుడు గునియా అనేవాడు, ఇంట్లో మూలమట్టం అనేవాడు. 1591లో ఈ ఊరు కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇక్కడ పనిచేసిన చేతులు ఎక్కడెక్కడివో అనడానికి నాకు ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఒక జాగ్రత్త. రందా అనే మాట పారసీ నుంచి వచ్చిందంటే పనిముట్టు కూడా అప్పుడే దిగుమతి అయిందని అర్థం కాదు. చిత్రిక పట్టడమనే అచ్చమైన మాట మనకి ఉండనే ఉంది. ఒక్కోసారి వస్తువు ఇక్కడే ఉంటుంది, బజార్లో చలామణి అయ్యే పేరు మాత్రం మారుతుంది.

పనిముట్ల సంగతి ఇలా ఉంటే, చేసిన వస్తువుల పేర్లు ఇంకా తమాషాగా ఉంటాయి. పీట, బల్ల, మంచం, పెట్టె, ఉయ్యాల మనవే. కుర్చీ అరబ్బీ కుర్సీ. అల్మారా పోర్చుగీసు. బీరువా ఫ్రెంచి బ్యూరో. సోఫా సంగతి చెప్పక్కర్లేదు. మన సొంత పేర్లున్నవి చూడండి, దాదాపు అన్నీ నేలకి దగ్గరగా ఉండేవి, లేదా నేల మీద కూర్చునేవాళ్ళు వాడుకునేవి. కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చునే అలవాటూ, బట్టల్ని నిలువుగా వేలాడదీసే అలవాటూ వచ్చాకే ఆ వస్తువులొచ్చాయి, పేర్లని వెంటబెట్టుకుని.

బట్టలంటే పురానీ హవేలీ గుర్తొచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల అల్మారా అక్కడుంది. బర్మా టేకుతో రెండంతస్తులుగా కట్టిన ఆ అల్మారా పొడవు సుమారు 176 అడుగులు, ఒక భవనం పక్క మొత్తం అదే. పైఅంతస్తుకి వెళ్ళడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా పెట్టారు. ఆయన ఒకసారి తొడిగింది మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. నేను మొదటిసారి కాలేజీ రోజుల్లో వెళ్ళినప్పుడు నిజాం గారి దర్జా చూసి నోరు తెరిచాను. ఈమధ్య మళ్ళీ వెళ్ళినప్పుడు తలుపులకీ చట్రాలకీ మధ్య సందు చూశాను. వందేళ్ళు దాటినా అన్ని తలుపులు వరసలో నిలబడి ఉన్నాయి. రెండోసారి నోరు తెరవడానికి కారణం వేరు. దాని ముందు నిలబడి చుట్టూ ఎంత వెతికినా, చేసిన వడ్రంగుల పేరు నాకెక్కడా కనపడలేదు.

పాతబస్తీలో కట్టెపని చూడాలంటే ఇంకో రెండు చోట్లు చెబుతాను. ఒకటి బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1594లో కట్టించాడు. అందరూ లోపలి రంగురంగుల పింగాణీ పలకలు చూడ్డానికి వెళతారు. బయటి మండపం తర్వాతి కాలంలో ఆసఫ్‌జాహీలు చేర్చింది, అందులోని ఎత్తైన చెక్క స్తంభాల మీదకి ఎవరి చూపూ పోదు. రెండోది సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న జంట విగ్రహం. ముందునుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్, వెనకనున్న అద్దంలో చూస్తే తల వంచుకున్న మార్గరెట్టా. ఒకే సైకమోర్ దుంగలో చెక్కింది. ఫ్రాన్సు నుంచి వచ్చిందనుకోండి, మనది కాదు. కానీ ఒక దుంగకి ముందూ వెనకా రెండు వేర్వేరు మనుషులుంటారనేది నాకు పాతబస్తీకి సరిపోయే మాటగా అనిపిస్తుంది.

సరే, పిడకల వేట ఆపి రామాయణానికి వద్దాం. మన వడ్రంగికి బెంచీ ఎందుకు లేదు?

నాకు ముందు తట్టిన జవాబు పేదరికం. ఆలోచిస్తే అది సగమే నిజం. ఇంగ్లండులో జోసెఫ్ మాక్సన్ అనేవాడు 1678లో పనివాళ్ళ కోసం పుస్తకాలు అచ్చువేయడం మొదలుపెట్టాడు. అందులో వడ్రంగం బొమ్మ చూస్తే మధ్యలో పెద్ద బెంచి ఉంటుంది. అక్కడ పనివాడికి కొట్టు ఉంది. కట్టె తనే కొంటాడు, వస్తువు చేస్తాడు, కొనేవాడు కొట్టుకి వస్తాడు. మన పల్లెల్లో వ్యవహారం తలకిందులు. కట్టె రైతుది. తన చేనుగట్టు మీద తుమ్మచెట్టు కొట్టి, ఎండబెట్టి, వడ్లాయనకి కబురు పెడతాడు. వడ్లాయన పనిముట్లు భుజాన వేసుకుని ఆ ఇంటి వాకిట్లోకి వెళ్ళి, చెట్టుకింద కూర్చుని నాగలో గొర్రో బండిచక్రమో చేసిపెడతాడు. ప్రతి పనికీ డబ్బు ఉండదు. పంట వచ్చినప్పుడు కల్లంలో ధాన్యం కొలుస్తారు. మరాఠ్వాడాలో, తెలంగాణలో దీన్నే బలూతా అనేవాళ్ళు. అంటే వడ్రంగి దగ్గర ఉన్నవి రెండే, చేతులూ పనిముట్లూ. మోసుకుపోలేనిది ఏదీ అతనికి పనికిరాదు. బెంచిని ఎవడు మోస్తాడు?

బెంచి లేకపోతే చెక్కని కదలకుండా పట్టుకునేదెవరు? పాదం. నేల మీద కూర్చుని, మడమతో ఒకవైపు తొక్కి, బొటనవేలితో ఇంకోవైపు నొక్కి, రెండు చేతులూ పనికి వదిలేస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషు దొరల రాతల్లో ఈ కూర్చుని పనిచేయడం తరచూ కనిపిస్తుంది. కొందరు సోమరితనమని వెక్కిరించారు, కొందరు కాలివేళ్ళతో ఇంత పట్టు ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయారు. రంపం కూడా అలాగే తయారైంది. మన పాత రంపాల పళ్ళు పిడివైపుకి వాలి ఉంటాయి. అంటే లాగినప్పుడు కోస్తాయి. ఇంగ్లీషు రంపం తోసినప్పుడు కోస్తుంది. నిలబడి బెంచి మీద పనిచేసేవాడు ఒంటి బరువంతా వేసి తోయగలడు. నేల మీద కూర్చున్నవాడికి తనవైపు లాక్కోవడమే సుఖం. పైగా లాగేటప్పుడు రేకు బిగుసుకుంటుంది కాబట్టి పల్చటి రేకైనా వంగదు. జపాన్ వడ్రంగులదీ ఇదే పద్ధతి. ఇప్పుడు ఆన్‌లైన్లో జపాన్ రంపమని మూడువేలు పెట్టి కొంటున్నవాళ్ళు, నాతో సహా ఉన్నారు, వాళ్ళ తాతల రంపం ఎటు కోసేదో తెలియకుండానే కొన్నారు.

ఇదంతా చదివి పల్లె వడ్రంగి జీవితం చల్లగా చెట్టుకింద సాగిందనుకోకండి. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి అంటే మోతలు మోయడమే చాలామందికి తెలుసు. వడ్రంగులూ కమ్మరులూ కూడా వెట్టిలో ఉన్నవాళ్ళే. దొర సేద్యానికి కావలసిన పనిముట్లన్నీ ఊరికే చేసి పెట్టాలి. ఆ రోజు ఇంకో రైతు పని ఆగిపోయినా, ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే. 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటం వెనకున్న కోపంలో ఈ ఉలి దెబ్బల చప్పుడు కూడా ఉంది. మా తాత తండ్రి గురించి ఇంట్లో ఒకే ఒక్క కథ చెప్పుకుంటారు, అది గడీ తలుపుకి సంబంధించింది. ఆ కథ ఎప్పుడూ కూలి దగ్గరికొచ్చి ఆగిపోతుంది.

ఇక చవక సరుకు. ఇక్కడే పాతబస్తీ చరిత్ర నాకు బాగా ఆసక్తిగా అనిపించింది.

టేకు ఎప్పుడూ బీదవాడి కట్టె కాదు. చెద పట్టదు, నూనెగుణం ఉంటుంది, వానకీ ఎండకీ పెద్దగా వంకర తిరగదు, అందుకే దాని మీద రాజులకీ కంపెనీలకీ అంత కన్ను. మామూలు ఇళ్ళలో వేప, మామిడి, తుమ్మ, తాటి దూలాలు. మామిడి మెత్తన, కోయడం తేలిక, కానీ తొందరగా పుచ్చిపోతుంది. తుమ్మ గట్టిది, బండిచక్రాలకి అదే, కానీ ఉలికి సాన నిలవనివ్వదు. వేప మధ్యస్థం, చేదు వల్ల పురుగు అంత త్వరగా చేరదు. బొమ్మలకైతే పొనికి, గోరుతో గీరినా గాటు పడేంత మెత్తన. నిర్మల్‌లోనూ కొండపల్లిలోనూ దాంతోనే బొమ్మలు చేస్తారు. కొండపల్లివాళ్ళు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు అని ఒకటి చేస్తారు, విడి ముక్కల్ని దాంతోనే అతికి నునుపు చేస్తారు. చెక్క కోస్తే వచ్చిన పొట్టే చెక్కని అతికే జిగురవుతుంది. ఇంతకంటే చవక సరుకు ఎక్కడుంటుంది?

మరి మా తాత చేసిన మంచాల్లో చాలావాటికి టేకు ఎక్కడిది? కొత్త టేకు కొనే తాహతు ఆయన్ని పిలిచే ఇళ్ళలో లేదు. జవాబు దేవిడీలు. పాతబస్తీ నిండా జాగీర్దార్ల, నవాబుల దేవిడీలు ఉండేవి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రాబడి పోయింది, వారసులు పెరిగారు, గోడలు పంచుకున్నారు, కొందరు అమ్మేసి వెళ్ళిపోయారు. ఒక్కో దేవిడీ కూలినప్పుడల్లా దూలాలు, వాసాలు, ఆరడుగుల తలుపులు, కమాను కిటికీలు బజారుకొచ్చేవి. సాలార్‌జంగుల దివాన్ దేవిడీనే చూడండి. 1951లో నెహ్రూ మ్యూజియం ప్రారంభించింది అందులోనే. 1968లో మ్యూజియం కొత్త భవనానికి మారింది, ఆ తర్వాత దేవిడీ చాలామటుకు కూలిపోయి దుకాణాల సముదాయాలొచ్చాయి. అలా నవాబుల ఇంటి దూలాలు సామిల్లులో పలకలై, గౌలిపురాలో చిన్న ఉద్యోగస్తుల మంచాలయ్యాయి. మా ఇంట్లో ఇప్పటికీ ఒక మంచం ఉంది, దాని పట్టెకి లోపలివైపు చెక్కిన పువ్వు సగం కనిపిస్తుంది. చిన్నప్పుడు అది తాత చెక్కాడనుకునేవాణ్ణి. అది ఎవరి తలుపుదో. తాత దాన్ని కనపడకుండా లోపలికి తిప్పాడు, "సగం పువ్వు బాగుండదురా" అని.

ఇలా దొరికినదాంతో చేసుకోవడం మన ఒక్కళ్ళ సొత్తేమీ కాదు. అమెరికాలో లూయిస్ బ్రిగమ్ అనే ఆవిడ 1909లో బాక్స్ ఫర్నిచర్ అని ఒక పుస్తకం రాసింది, మొత్తం సరుకుల పెట్టెల చెక్కలతో ఇల్లు సర్దుకోవడం గురించి. ఉత్తరాన స్పిట్స్‌బెర్గెన్ దీవిలో ఉన్నప్పుడు పెట్టెలు తప్ప వేరే కట్టె దొరక్క అలవాటైన విద్య అది. ఇటలీలో ఎంజో మారి 1974లో మామూలు పలకలు, మేకులు, సుత్తితో చేసుకోగలిగిన బల్లల, కుర్చీల నమూనాలు గీసి, తపాలా ఖర్చులు పంపినవాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళు పుస్తకాలు రాశారు కాబట్టి నాకు తెలిసింది. మా వీధి కిరాణా కొట్టాయన యాపిల్ పెట్టెల చెక్కతో స్టూలు చేసుకుని ఇరవయ్యేళ్ళు దాని మీద కూర్చుని వ్యాపారం చేశాడు, పుస్తకం రాయలేదు.

చదువులో కట్టెపని పెట్టాలన్న ఆలోచన కూడా పాతదే. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ 1870లలో స్లోయిడ్ అనే పద్ధతి నడిపాడు. పిల్లల్ని వడ్రంగుల్ని చేయడానికి కాదు, చేతికీ కంటికీ బుర్రకీ పొత్తు కుదర్చడానికి. మొదటి పనిముట్టు చాకు, అంతే. మన దగ్గర 1937లో వార్ధా విద్యా పథకం వచ్చింది. వడుకు, నేత, వ్యవసాయంతో పాటు వడ్రంగాన్నీ బడిలో మూల వృత్తిగా పెట్టొచ్చన్నారు. ఆ కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్. ఆయన పుట్టింది హైదరాబాదులోనే, 1897లో.

ఆ పథకం చివరికి ఏమైందో ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడికీ తెలుసు. మొదటి సంవత్సరంలో వర్క్‌షాప్ ల్యాబ్. ఖాకీ ఏప్రన్ వేసుకుని కార్పెంటరీలో ఒక టీ ల్యాప్ జాయింటు చేయాలి. మా కాలేజీలో అరవై మందికి ఆరు రంపాలు, అందులో నాలుగింటికి పళ్ళు లేవు. అటెండరుకి వంద ఇస్తే పోయిన ఏడాది వాళ్ళ జాయింటు రందా పట్టి ఇచ్చేవాడు. నేనూ ఇచ్చాను. వడ్రంగి మనవణ్ణి, వంద రూపాయలిచ్చి జాయింటు కొనుక్కున్నాను. పదికి తొమ్మిది మార్కులు వేశారు. ఇంటికెళ్ళి తాతకి చూపించాలని సరదా పడ్డాను గానీ అప్పటికే ఆయన పోయి నాలుగేళ్ళు.

ఆయన ఉన్నప్పుడు మాత్రం నన్ను పెట్టె తెరవనిచ్చేవాడు కాదు. ఉలి ముట్టుకుంటే చేతిమీద కొట్టేవాడు. మా నాయనకీ నేర్పలేదు. ఊళ్ళో పేరు పెట్టి పిలవకుండా "ఓ వడ్లోడా" అని పిలిచేవాళ్ళట. కొడుకుని ఆ పిలుపుకి పలకనివ్వకూడదని పంతం పట్టి చదివించాడు. నాయన గుమాస్తా అయ్యాడు, నేను ఇంజనీరునయ్యాను. ఈలోగా ప్లైవుడ్డూ కరెంటు మిషన్లూ వచ్చి తాత పనులు తగ్గిపోయాయి. రాజస్థాన్ నుంచీ యూపీ నుంచీ కుర్రాళ్ళు వచ్చి వారంలో ఇల్లంతా కప్‌బోర్డులు చేసి వెళుతుంటే ఆయన గుమ్మంలో కూర్చుని చూసేవాడు. ఆయన పోయాక ఒకరోజు పెట్టెడు పనిముట్లని నాయన పాత ఇనుపసామాన్ల బండివాడికి తూకానికి వేసేశాడు. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఎంతొచ్చిందో ఎప్పుడూ అడగలేదు. జుమ్మేరాత్ బజార్లో ప్రతి పాత రందానీ తిరగేసి చూడ్డానికి ఇదే కారణం. తాత తన రందా పక్కన మూడు గాట్లు పెట్టుకునేవాడు. నేను కొన్నదాని మీద గాట్లు లేవు.

మా ఆఫీసులో ఒకతను వారాంతాల్లో గచ్చిబౌలి వైపు ఎక్కడో వడ్రంగం క్లాసుకి వెళుతున్నాడు, రోజుకి కొన్ని వేలు కడతాడు. చాలా ప్రశాంతంగా ఉంటుందట, ధ్యానంలాగ. నేనూ నేర్చుకుంటున్నానని చెబితే "మీకేం బాస్, రక్తంలోనే ఉంటుంది" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ ఆ మాట నాకెందుకో మింగుడుపడలేదు. రక్తంలో ఉంటే టీ ల్యాప్ జాయింటు కొనుక్కునేవాణ్ణా?

మొదటి వస్తువుగా ఏం చేయాలో తాత చెప్పలేదు కాబట్టి చార్మినార్ చెప్పింది. పత్తర్‌గట్టీ పుస్తకాల కొట్లలో రెహల్ చూసే ఉంటారు. ఖురాన్ పెట్టుకుని చదివే మడత పీఠం. మన ఇళ్ళలో భారతమో భాగవతమో పెట్టుకునే వ్యాసపీఠం కూడా అదే, అచ్చంగా అదే. తెరిస్తే ఇంటూ గుర్తులా నిలబడుతుంది, మూస్తే మళ్ళీ పలక. ఇందులో గొప్ప ఏమిటంటే మొత్తం ఒకే పలక. మేకు లేదు, జిగురు లేదు, ఇనుప మడతబందు లేదు. మధ్యలో ఉన్న కీలు కూడా అదే చెక్కలోంచి చెక్కాలి.

పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. అడుగున్నర పొడవు, ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక తీసుకోవాలి. కీలు రావలసినచోట అడ్డంగా గీత గీసి, వెడల్పుని ఐదు భాగాలు చేయాలి. ఒకటి, మూడు, ఐదు భాగాలు ఒక రెక్కవి. రెండు, నాలుగు ఇంకో రెక్కవి. ఈ భాగాల మధ్య గీతల్ని ఉలితో ఆర్‌పార్ తెరవాలి, భాగాల్ని గుండ్రంగా చెక్కాలి. ఒకదాన్ని పలక పైముఖం నుంచి చెక్కితే దాని పక్కదాన్ని అడుగు నుంచి. ఆ తర్వాత అసలు పరీక్ష. పలకని నిలబెట్టి, మందాన్ని సరిగ్గా సగానికి, ఒక చివర నుంచి రంపంతో కోసుకుంటూ కీలుదాకా వచ్చి ఆగాలి. మళ్ళీ రెండో చివర నుంచి. రంపం ఒక నూలు పక్కకి పోయిందా, ఒక రెక్క పల్చబడి చీలిపోతుంది. ఆగాల్సినచోట ఆగకపోతే కీలే తెగుతుంది. అన్నీ కుదిరితే విప్పినప్పుడు రెండు రెక్కలు ఒకదానిలోంచి ఒకటి తిరుగుతాయి. కావలసినవి రంపం, రందా, రెండు ఉలులు, మూలమట్టం.

మొదటిది ప్యాకింగ్ పెట్టె పైన్ చెక్కతో మొదలుపెట్టాను. గోడౌన్ల దగ్గర చవగ్గా దొరుకుతుంది. కొనేటప్పుడు దాని మీద ముద్ర చూసుకోండి. హెచ్.టి. అని ఉంటే వేడిచేసి పురుగు చంపినది, ఫరవాలేదు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, ఇంట్లోకి తేకండి. నా పైన్ పలక మూడో భాగం దగ్గర పొరవెంట చీలిపోయింది. రెండోదానికి పాత కలప కొట్లో పాత దర్వాజా ముక్క ఒకటి తూకానికి తెచ్చాను. టేకు. రందా పట్టగానే లోపల్నించి తేనెరంగూ, ఆ వాసనా వచ్చాయి. మా నాయన టీవీ చూస్తున్నవాడల్లా తల తిప్పాడు.

డాబా మీద రెండు ఆదివారాలు పట్టింది కీలు చెక్కడానికి. మూడో ఆదివారం రంపంతో కోత మొదలుపెట్టాను. పలకని రెండు ఇటుకల మధ్య ఇరికించి, తాడుతో కట్టి, నిలబడి కోస్తుంటే పలక ఊగిపోతోంది, గీత ఒకటి, రంపం ఇంకోటి. నాయన ఎప్పుడొచ్చాడో మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆయనకి రాదని నాకు తెలుసు, ఆయనకి నేర్పలేదని తెలుసు. కాసేపు చూసి చెప్పులు విడిచి, వచ్చి నేల మీద కూర్చున్నాడు. తాడు విప్పేశాడు. పలకని అడ్డంగా పడుకోబెట్టి ఎడమ మడమతో తొక్కి, బొటనవేలు అంచుకి ఆనించి, "ఇట్ల పట్టెటోడు" అన్నాడు. "కొయ్యి."

నేను ఎదురుగా కూర్చుని లాగడం మొదలుపెట్టాను. మొదటి చివర కీలుదాకా ఒక్క నూలు తేడాతో వచ్చింది. రెండో చివర సగమే అయింది, చీకటిపడింది. మిగతాది వచ్చే ఆదివారం.